మూడేళ్ళు వాడాక మా ఐదు లీటర్ల కుక్కర్ గురించి

డబ్బా విప్పిన రోజే ఫొటో పెట్టి "సూపర్‌గా మెరుస్తోంది" అని ఐదు స్టార్లు ఇచ్చేస్తారు చాలామంది. మొదటి నెల ఏ కుక్కరైనా బానే ఉంటుందండీ, రబ్బరు గట్టిపడి, హ్యాండిల్ ఊగడం మొదలెట్టి, వెయిట్ లోపల జిడ్డు పేరుకున్నాక ఎలా ఉందో చెప్తేనే కొనేవాళ్ళకి పనికొస్తుంది. అందుకే నేను మూడేళ్ళు ఆగి రాస్తున్నా.

మాది ఐదు లీటర్లది, అల్యూమినియం, మూత పైనుంచి తిప్పి బిగించే టైపు. కంపెనీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే కింద తిట్టినవి కూడా ఉన్నాయి, పైగా నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు ఏ కుక్కర్‌కైనా వర్తిస్తుంది. ఇంట్లో వంట నాదే. పొద్దునొకసారి రాత్రొకసారి స్టవ్ ఎక్కుతుంది, అంటే లెక్కేస్తే ఇప్పటికి రెండు వేల సార్లు దాటే ఉంటుంది, అందులో ఒకే ఒక్కసారి మా ప్రాణాలు పైకి పోయినంత పనైంది. ఆ ఒక్కసారీ తప్పు కుక్కర్‌ది కాదు, నాది.

ఆ రోజు ఇంటికి నలుగురు వస్తున్నారని పప్పు రోజూ వేసేదానికి రెట్టింపు వేశా. నీళ్ళు పోసేసరికి గిన్నెలో ముప్పాతిక దాటిపోయింది, చూశా, చూసి కూడా రెండు వాయిలు పెట్టే ఓపిక లేక మూత బిగించేశా. మొదటి విజిల్ వచ్చింది కానీ దాంతో పాటు పచ్చటి నురగ వెయిట్ చుట్టూ చిమ్మి మూత మీదంతా కారింది, ఆ తర్వాత విజిల్ లేదు. ఐదు నిమిషాలైంది, పదైంది, లేదు. నేనేమో పక్క పొయ్యి మీద ఉల్లిపాయలు వేయించుకుంటూ మంట సరిపోవట్లేదేమో అనుకుని ఇంకొంచెం పెంచా, చూడండి నా తెలివి. కాసేపటికి టప్ అని చిన్న శబ్దం, వెంటనే బుస్సుమని మూత పక్కనున్న సేఫ్టీ వాల్వ్ లోంచి ఆవిరీ పప్పూ కలిసి నిలువునా సీలింగ్‌కి కొట్టింది. నేను స్టవ్ కట్టేద్దామని దాని మీదుగా చేయి చాచబోతుంటే మా ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసింది. ఆ రెండు సెకన్లలో తను ఆలోచించింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా చేయి మోచేతి దాకా ఉడికేది.

సీలింగ్ మీద పప్పు మచ్చ ఇప్పటికీ ఉంది, రెండుసార్లు తుడిచినా పోలేదు.

పూర్తిగా చల్లారాక మూత తీసి, వెయిట్ కూర్చునే ఆ సన్న గొట్టాన్ని లైట్ వైపు పెట్టి చూస్తే అసలు వెలుతురే కనపడలేదు. పిన్నీసు పెట్టి పొడిస్తే పప్పు పొట్టు ఉండలా వచ్చింది, మెంతి గింజంత కూడా లేదు. అంత చిన్నది అడ్డం పడితే ఆవిరికి దారి లేదు, దారి లేకపోతే ప్రెజర్ పెరుగుతుంది, ప్రెజర్‌తో పాటు వేడీ పెరుగుతుంది, ఆ వేడికి సేఫ్టీ వాల్వ్ మధ్యలో ఉండే మెత్త లోహం కరిగి దారిచ్చింది. వాల్వ్ దాని పని అది చేసింది. భయపెట్టింది కానీ కాపాడింది కూడా అదే, ఈ కుక్కర్‌కి నేనిచ్చే స్టార్లలో సగం దానికే.

ఇది జరిగాక కూర్చుని కొంచెం లెక్కలు వేశా, వేశాకే అసలు భయమేసింది. ఇంట్లో వాడే కుక్కర్‌లో మామూలుగా ప్రెజర్ ఒక చదరపు సెంటీమీటర్‌కి ఒక కేజీ దగ్గర ఉంటుంది, బయటి గాలి ఒత్తిడి కాకుండా దానిపైన. అంత ప్రెజర్‌లో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దాకా వెళ్ళి మరుగుతాయి, అందుకే గంట ఉడకాల్సింది పావుగంటలో అయిపోతుంది. బావుంది. ఇప్పుడు మూత 20 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు, అంటే మూతని లోపల్నుంచి పైకి తోసే బలం మూడొందల కేజీల పైమాటే! నలుగురు పెద్దమనుషులు కింద నుంచి తోస్తున్నట్టు. విజిల్స్ ఆగి చాలాసేపైంది కదా అని మూత తీయబోతాం చూడండి, అప్పుడు లోపల పదో వంతు మిగిలి ఉన్నా ముప్పై కేజీల తోపు అన్నమాట. ఇంకో సంగతి, 120 డిగ్రీల దగ్గరున్న నీళ్ళ మీద ప్రెజర్ ఒక్కసారిగా పోతే అవి నెమ్మదిగా చల్లారవు, మొత్తం ఒకేసారి తెర్లి పైకి లేస్తాయి. మూత ఎగరడం ఒకెత్తు, మొహమ్మీదకి వచ్చే పప్పు ఇంకో ఎత్తు.

అదే లెక్కలో వెయిట్ సంగతి కూడా తేలింది. గొట్టం బెజ్జం 3 మిల్లీమీటర్లు ఉంటే దాన్ని ఒక కేజీ ప్రెజర్ దాకా మూసి ఉంచడానికి 70 గ్రాముల బరువు చాలు. అంటే బెజ్జం సైజుకీ వెయిట్ బరువుకీ ముడి, ఒకదాని కోసం ఒకటి చేసినవి. మా వెయిట్ ఒకసారి సింక్‌లో పడి పోతే (నిజంగానే పైపులోకి పోయింది) దగ్గర్లో ఒక షాపాయన "ఏ కంపెనీదైనా పడుతుంది సార్ అన్నీ ఒకటే" అని ఇంకేదో చేతిలో పెట్టాడు. పెట్టి చూస్తే కూర్చుంది కూడా. కానీ కొంచెం బరువెక్కువ అనిపించింది, విజిల్ చాలా ఆలస్యంగా వచ్చేది, వస్తే వంటిల్లు దద్దరిల్లేలా వచ్చేది. నాలుగు రోజులు వాడి తీసి పక్కన పెట్టేశా. అసలు కంపెనీది తెప్పించుకోవడానికి పది రోజులు పట్టింది, ఫోన్ చేస్తే ఒకళ్ళు ఇంకొకళ్ళకి కలపడం, మోడల్ నంబర్ చెప్పమనడం, ఆ నంబరేమో కుక్కర్ అడుగున, మంటకి మాడి చెరిగిపోయింది. ఇది మాత్రం కంపెనీ వాళ్ళు ఆలోచించాల్సిన విషయం, నంబర్ హ్యాండిల్ మీద వేస్తే ఏం పోతుంది? కొత్తగా కొన్నవాళ్ళు ఇవాళే అడుగు భాగం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

సరే వాడకం గురించి. లోపల ఎంత పోయాలి అనేదే పెద్ద విషయం, మిగతావన్నీ దాని తర్వాతే. పప్పులు, బియ్యం, శనగలు, బీన్స్ లాంటివి ఉబ్బుతాయి, నురగ కడతాయి, అవి నీళ్ళతో కలిపి సగానికి మించకూడదు. కూరగాయలు, మాంసం లాంటివైతే మూడింట రెండు వంతుల దాకా పర్లేదు. మా కుక్కర్ లోపల సగం దగ్గర గీత లేదు, అది పెద్ద లోపమే అంటాను నేను, అందుకని కొలగ్లాసుతో రెండున్నర లీటర్లు పోసి ఎక్కడికి వచ్చిందో చూసి హ్యాండిల్ స్క్రూకి ఎంత కింద ఉందో గుర్తుపెట్టుకున్నా. ఐదు లీటర్ల కుక్కర్ అంటే ఐదు లీటర్లు వండచ్చు అనుకుని కొంటారు, పప్పుకైతే అది రెండున్నర లీటర్ల కుక్కరే, సైజు ఎంచుకునేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోండి. ఎక్కువమంది వచ్చిన రోజు రెండుసార్లు పెట్టాలి, వేరే దారి లేదు, నేను సీలింగ్ చూపించి చెప్తున్నా.

నీళ్ళు మరీ తక్కువైనా అంతే డేంజర్. చిన్నదానికైనా కనీసం ఒక కప్పు నీళ్ళు ఉండాల్సిందే, గిన్నెలు లోపల పెట్టి వండినా సరే అడుగున నీళ్ళు మర్చిపోకూడదు. మర్చిపోతే ఆవిరి పుట్టదు, విజిల్ రాదు, అడుగు మాడుతుంది, గాస్కెట్ (మూత లోపలి రబ్బరు) కాలుతుంది, సేఫ్టీ వాల్వ్ కరుగుతుంది, అన్నీ ఒకే రోజు. నూనె పోసి మూత పెట్టి వేయించడం అనే ఆలోచన అసలు పెట్టుకోకండి, నూనె వేడి నీళ్ళ వేడిలా ఒకచోట ఆగదు, రబ్బరూ వాల్వూ ఆ వేడి కోసం చేసినవి కావు. తాలింపు కుక్కర్‌లోనే వేసుకుని తర్వాత నీళ్ళు పోసి మూత పెట్టడం వేరు, అది నేనూ చేస్తా.

ఇప్పుడు నా రొటీన్ ఏంటంటే, మూత పెట్టేముందు గొట్టాన్ని లైట్ వైపు పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తా, సూది మొనంత వెలుతురు కనపడాలి. రెండు సెకన్ల పని. మొదట్లో మా అబ్బాయి "నాన్న టెలిస్కోప్ చూస్తున్నాడు" అని నవ్వేవాడు, ఇప్పుడు వాడే తీసుకెళ్ళి చూసి "క్లియర్" అని అరుస్తాడు. తర్వాత వెయిట్ పెట్టకుండా స్టవ్ వెలిగిస్తా, గొట్టంలోంచి ఆవిరి ఆగకుండా సన్నగా నిలువుగా వచ్చాక అప్పుడు వెయిట్ పెడతా. ఇలా చేస్తే లోపలున్న గాలి బయటికి పోతుంది, పైగా గొట్టం తెరిచే ఉందని కళ్ళారా చూసినట్టు అవుతుంది. ఆవిరి రావట్లేదంటే అక్కడే ఆపేయచ్చు, ఇంకా ప్రెజరే కట్టలేదు కాబట్టి ఏ భయం లేదు. మా అమ్మ ముప్పై ఏళ్ళుగా ఇలాగే చేస్తోంది, నేను ఫోన్‌లో ఇదేదో పెద్ద విషయం కనిపెట్టినట్టు చెప్తే "ఒరేయ్, నువ్వు పుట్టకముందు నుంచీ నేనట్టాగే పెడుతున్నా, నీకు చెప్తే ఎప్పుడు విన్నావు" అంది.

విజిల్స్ లెక్క గురించి కొంచెం తిట్టాలి. ఏ వంటకైనా "మూడు విజిల్స్ రానివ్వండి" అంటారు. మీ మంట వేరు నా మంట వేరు, మీది మూడు లీటర్లది నాది ఐదు, లోపల నీళ్ళెన్నో తెలీదు, మరి మూడు విజిల్స్ అంటే ఎంతసేపు? పెద్ద మంట మీద మూడు విజిల్స్ నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్న మంట మీద పావుగంట పడుతుంది. విజిల్ అంటే లోపల ఎక్కువైన ఆవిరిని కుక్కర్ బయటికి వదలడం, ఉడికిందని చెప్పడం కాదు. ఒకసారి ప్రెజర్ నిండాక మంట ఎంత పెంచినా లోపల వేడి ఇంక పెరగదు, ఎక్కువ మంటంతా విజిల్ రూపంలో గాల్లోకి పోవడమే, గ్యాస్ దండగ, నీళ్ళు తగ్గిపోతాయి, గొట్టంలోకి నురగ ఎక్కే ఛాన్స్ కూడా ఎక్కువ. అందుకని మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి టైమ్ చూసుకుంటా. మా కుక్కర్‌లో బంగాళాదుంపలకి ఆరు నిమిషాలు, రాత్రంతా నానబెట్టిన శనగలకి 15 నిమిషాలు. నానబెట్టకుండా పెడితే శనగలు ముప్పావుగంటకి కూడా ఒక్కోసారి మధ్యలో రాయిలా ఉంటాయి. ఇవి నా కుక్కర్ లెక్కలు, మీరు మీది రెండుసార్లు వండి చూసుకుని పొయ్యి పక్కన గోడకి ఒక చీటీ అంటించుకోండి. సిమ్‌లో పెట్టాక విజిల్ రాకపోయినా కంగారు పడక్కర్లేదు, వెయిట్ దగ్గర సన్నగా సుయ్‌మంటూ ఉంటే చాలు. ఆ సుయ్ కూడా లేకుండా, పక్కల నుంచి ఆవిరి కూడా లేకుండా మొత్తం నిశ్శబ్దం అయిపోతే మాత్రం నేను చేసినట్టు మంట పెంచకండి, స్టవ్ ఆపేసి దూరం జరగండి.

మూత తీయడం. మాది బయటి మూతది కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఎక్కువే కావాలి. లోపలి మూత కుక్కర్లు ఉంటాయి కదా, అంచు కిందకి దూర్చి పైకి లాగి పెట్టేవి, వాటిల్లో లోపలి ప్రెజరే మూతని అంచుకి అదిమి పెట్టేస్తుంది, ప్రెజర్ దిగకుండా మూత కిందకి జారదు, తీద్దామన్నా రాదు. బయటి మూత దానికి ఆ సౌకర్యం లేదు, తిప్పితే తిరిగే ప్రమాదం ఉంది. నేనైతే స్టవ్ ఆపి పది పదిహేను నిమిషాలు వదిలేస్తా, తర్వాత గరిటె కాడతో వెయిట్‌ని కొంచెం పైకి ఎత్తి చూస్తా, బుస్ అని ఏమాత్రం వినపడినా మళ్ళీ వదిలేస్తా. చప్పుడు లేదు అంటే వెయిట్ తీసి, మూతని నా వైపు కాకుండా అవతలి వైపు ముందు లేచేలా తీస్తా, మిగిలిన ఆవిరి అటు పోతుంది. మూత తిరగడానికి మొండికేస్తే అది తుప్పో జిడ్డో కాదు, లోపల ప్రెజర్ ఉందన్నమాటే, బలం చూపించద్దు. తొందరుంటే కొందరు కుళాయి కింద పెడతారు, కూరగాయలకైతే సరే, కానీ నీళ్ళు పక్కల మీదే పడాలి, వెయిట్ మీదా వాల్వ్ మీదా పడకూడదు. పప్పుకీ బియ్యానికీ అస్సలు వద్దు, వెయిట్ ఎత్తి గబగబా ఆవిరి వదిలేయడం కూడా వద్దు, నురగంతా గొట్టంలోకి ఎక్కుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం.

అన్నట్టు ఈ గొడవ మన కాలంది కాదు. డెనిస్ పాపిన్ అని ఫ్రెంచాయన 1679లో ఎముకలు కూడా మెత్తబడేలా ఉడికించే మూత బిగించిన పాత్ర తయారుచేశాడు, ప్రెజర్ ఎక్కువై పాత్ర పగలకుండా సేఫ్టీ వాల్వ్ ఆలోచన చేసింది కూడా ఆయనే. అంటే కుక్కర్‌ని కనిపెట్టినాయనకి కూడా సీలింగ్ భయం ఉన్నట్టే లెక్క.

గాస్కెట్ మా కుక్కర్‌తో వచ్చింది 14 నెలలు పనిచేసింది, పర్లేదు. గట్టిపడితే మూత పక్కల నుంచి ఆవిరి కారుతుంది, విజిల్ రాదు. అప్పుడు రబ్బరుని ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే కాసేపు బిగుతుగా పనిచేస్తుంది, ఆ చిట్కా నిజమే, కానీ అది ఆ పూట వంటకి మాత్రమే, మర్నాడు కొత్తది కొనాల్సిందే. నేను నెల రోజులు ఫ్రీజర్ మీదే బతికా, ఒకరోజు రబ్బరు మీద వేలుతో వంచి చూస్తే సన్న పగుళ్ళు కనపడ్డాయి, అప్పుడు గానీ బుద్ధి రాలేదు. గాస్కెట్ కూడా ఆ కంపెనీదే ఆ సైజుదే వేయాలి. సేఫ్టీ వాల్వ్ అయితే ఇంకా ఖచ్చితంగా. నాది కరిగిపోయినప్పుడు ఎవరో సలహా ఇచ్చారు, ఆ బెజ్జంలో ఎంసీల్ పెట్టేయ్, గట్టిగా ఆగుతుంది అని. ఆగుతుంది నిజమే, అదే కదా సమస్య, తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోకపోతే ఇంక మిగిలేది మూతే.

కడగడం గురించి పెద్దగా ఏం లేదు. గాస్కెట్ తీసి విడిగా కడిగి ఆరబెట్టడం, వెయిట్ లోపల నీళ్ళు పోసి కదిపి ఊదడం, మూత బిగించి దాచకుండా తిరగేసి పైన పెట్టడం. అల్యూమినియం లోపల నల్లబడుతుంది, దాన్ని చూసి పాడైందనుకోకండి, నీళ్ళలో ఉండే ఖనిజాల వల్ల వచ్చే రంగు అది, గిన్నెలు పెట్టి వండేటప్పుడు అడుగు నీళ్ళలో నిమ్మచెక్క వేస్తే తగ్గుతుంది. వంటసోడా అల్యూమినియానికి పడదు, నురగ కూడా పెంచుతుంది, శనగలు త్వరగా ఉడుకుతాయని అందులో వేయద్దు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్ళు కొనేముందు అడుగున అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసుకోండి, మాది అంటుకోదు, అందుకే మా ఇండక్షన్ స్టవ్ అటక మీద ఉంది.

ఇక హ్యాండిల్. ఈ కుక్కర్‌లో నాకు నచ్చనిది అంటే ఇదే. మూత హ్యాండిల్ స్క్రూ ప్రతి రెండు మూడు నెలలకీ వదులవుతుంది. వేడెక్కడం చల్లారడం రోజూ రెండుసార్లు జరుగుతుంది కాబట్టి కొంత వదులవడం మామూలే అనుకోండి, కానీ మా పాత కుక్కర్‌కి ఏడాదికోసారి బిగిస్తే సరిపోయేది. ఊగే హ్యాండిల్‌తో మూత హ్యాండిలూ గిన్నె హ్యాండిలూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి వచ్చాయో లేదో తెలీదు, కొంచెం పక్కకి ఉన్నా బిగిసిందనే అనిపిస్తుంది, పూర్తిగా బిగియని మూత ఎంత ప్రమాదమో పైన మూడొందల కేజీల లెక్క చదివాక మళ్ళీ చెప్పక్కర్లేదు. వంటింటి డ్రాయర్‌లో చెంచాల పక్కన ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకోవాల్సి వచ్చింది. మంట కూడా అడుగు దాటి పక్కలకి లేవనివ్వకండి, ఒకసారి మా చెల్లి పెద్ద బర్నర్ మీద పెట్టి వెళ్తే హ్యాండిల్ కింద భాగం కాలి బుడగలొచ్చింది, ఆ వాసన రెండు రోజులు పోలేదు.

మొత్తానికి రెండు వేల సార్లకి పైగా వండినా అడుగు వంగలేదు, వాల్వ్ అవసరమైన రోజు పనిచేసింది, అన్నం ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ముగ్గురు నలుగురున్న ఇంటికి ఐదు లీటర్లు సరిగ్గా సరిపోతుంది, ఒక్కళ్ళో ఇద్దరో అయితే మూడు లీటర్లది చూసుకోండి. మళ్ళీ కొనాలంటే ఇదే కొంటా, కాకపోతే వెయిట్ ఇంకోటి, గాస్కెట్ ఇంకోటి, వాల్వ్ ఇంకోటి మొదటి రోజే కలిపి తెచ్చుకుంటా. ఐదుకి నాలుగు స్టార్లు, ఆ ఒక్కటీ హ్యాండిల్ స్క్రూకి కోసేశా.